మైకు పట్టిన వికెట్ కీపర్

ఇవాళ శుక్రవారం. పొద్దున ఐదింటికి ఇక్కడ గల్ఫులో, సనాబిస్‌లో మా బిల్డింగు కింద కారు తీస్తుంటే ఫోన్ మోగింది. జగిత్యాల పక్క పల్లె నుంచి రాజవ్వ. ఇన్నేళ్లలో ఆవిడ నాకు స్వయంగా ఫోన్ చేయడం ఇదే మొదలు.

"సారూ, ఆయన పోయిండు. తెల్లారగట్ల. మీ ఆట మొదలు గాకముందే మీకు చెప్పాలె అనిపించింది," అంది. ఏడవడం లేదు. నేను "అయ్యో" అన్నాను. ఆ వెంటనే "ఎన్నింటికి?" అని అడిగాను. పదిహేడేళ్లుగా కంపెనీ కాగితాల మీద తారీఖులు, టైములు సరిచూసే ఉద్యోగం నాది. మనిషి పోయాడన్నా నోటికి ముందు అదే వచ్చింది. నాకే సిగ్గేసింది.

"అందరికి మీరే చెప్పాలె సారూ. మైకుల చెప్పుండ్రి. ఊర్లల్ల ఆడోళ్లు ఇంటరు గద," అని పెట్టేసింది.

ఆ మైకులో నేను ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడినవాణ్ని కాదు. శుక్రవారం క్రికెట్‌లో నా పని స్కోరు రాయడం. మాట్లాడే మనిషి వేరే ఉండేవాడు, రాజవ్వ భర్త. ఇప్పుడు ఆ మనిషి పోయాడని ఆ మనిషి మైకులోనే నేను చెప్పాలి. కారు స్టార్ట్ చేసి ఏసీ వేసుకుని అయిదు నిమిషాలు అలాగే కూర్చున్నాను. ఒంట్లో ఓపిక లేదు. ఈ మధ్య శుక్రవారం అంటేనే ఓపిక ఉండటం లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మైదానంలో ఎవరూ ఆయన్ని ఆ పేరుతో పిలవలేదు. అందరికీ కీపరన్న. నువైద్రాత్ దగ్గర పైపులైన్ల పక్కన ఉన్న ఖాళీ జాగాలో మా ఆట. గడ్డి పోచ ఉండదు. మేకులు కొట్టి చాప పరిస్తే అదే పిచ్. ఎండ ముదరకముందే ఖలాస్ కావాలని ఐదున్నరకి మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగిస్తాం. మా టీంలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లు. మేస్త్రీలు, పెయింటర్లు, స్కాఫోల్డింగ్ పరంజాలు కట్టేవాళ్లు. వాళ్ల మధ్య భీమవరం నుంచి వచ్చిన నేను ఒక్కణ్ని. బ్యాటు పట్టడం రాదు కాబట్టి పుస్తకం పట్టించారు.

పదకొండేళ్ల కింద మొదటిసారి చూసినప్పుడు ఆయన స్టంపుల వెనక సైటులో ఇచ్చే తోలు గ్లోవ్స్ వేసుకుని కూర్చున్నాడు. పొట్ట కాస్త ముందుకు, నడుముకి తువ్వాలు. సైట్లో ఆయన స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. మైదానంలో మాత్రం ఆయన చేతికి వచ్చిన బంతి నిలిచేది కాదు. ఆ సంగతి మనం చెప్పే అవకాశం ఇచ్చేవాడు కాదు. తనే చెప్పేవాడు.

"నేను పట్టిన క్యాచులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు సారూ. ఆ వేళ్లు గూడ ఇరిగినయే," అని కుడిచెయ్యి చూపించాడు పరిచయమైన రోజే. నిజంగానే మూడు వేళ్లు మూడు దిక్కులకి చూస్తున్నాయి. పదకొండో నంబరుగా ఎందుకు దిగుతావన్నా అని ఎవరో అడిగితే, "పన్నెండో నంబరు లేదు గనక," అన్నాడు.

అయినా ఆయన్ని టీం నుంచి తీసేద్దామని ఎవరూ అనలేదు. ఎందుకంటే చేతులతో పట్టలేనివాళ్లని నోటితో పట్టేవాడు. బ్యాటింగుకి వచ్చినవాడు ఎవరైనా సరే, తెలుగువాడు కానీ పఠాన్ కానీ, వెనక నుంచి కుశలం మొదలుపెట్టేవాడు. "భాయ్, నిన్న కూర ఏం వండినవ్? పప్పా? మాడిందా?" అవతలివాడు మాడలేదని చెప్పడానికి సగం తల తిప్పేలోపు బంతి వచ్చి స్టంపులకు తగిలేది. పప్పు వల్ల ఔటైనవాళ్ల లిస్టు నా దగ్గర ఉంది. నేను వికెట్ బౌలరు ఖాతాలో రాస్తుంటే వచ్చి తొంగిచూసి, "సారూ, న్యాయమా ఇది?" అనేవాడు.

తర్వాత మోకాలు పోయింది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. ఒక శుక్రవారం గ్లోవ్స్ తీసి నా టేబులు మీద పెట్టి, టార్పాలిన్ నీడలో నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. అక్కడ బతుకమ్మ పండక్కి కొన్న స్పీకరు ఒకటి పడి ఉంది. మైకు తీసి రెండుసార్లు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఇక ఆపలేదు.

నిజం చెప్పాలంటే నాకు మొదట్లో ఒళ్లు మండేది. చెవి పక్కనే ఆ రొద. బంతుల లెక్క తప్పేది. నేను తల దించుకుని చుక్క పెడుతుంటే సరిగ్గా అప్పుడే మోచేత్తో పొడిచి, "ఎన్ని బాల్లయినయి సారూ?" అని అడిగేవాడు. చెప్తే వినేవాడు కాదు. ఆయన దృష్టిలో స్కోరు నాబోటి ఆఫీసు మనుషుల జబ్బు.

కామెంట్రీలో ఎవరినీ తక్కువ చేసేవాడు కాదు. మొదటి బంతికే ఔటై వస్తున్నవాణ్ని చూపించి, "ఎండ ఎక్కువున్నదని నీడకొస్తుండు, తెలివిగల్లోడు," అనేవాడు. చేతిలో పడ్డ క్యాచ్ జారితే, "బాలు వేడిగున్నది, సల్లారినంక పడతడు." సిక్సు కొడితే, "యల్లా! సిత్రా కంపెనీల దిక్కు పోయింది, గేటుపాసు గూడ అడగలే."

ఎవడో కుర్రాడు ఒక ఇనపచువ్వకి బైండింగ్ వైరుతో ఫోను కట్టి లైవ్ పెట్టడం మొదలుపెట్టాక ఆట సంగతి మారిపోయింది. ఇక్కడ ఆరయితే అక్కడ ఎనిమిదిన్నర. ఊళ్లలో ఆడవాళ్లు బీడీల చాటలు ముందేసుకుని కూర్చునే వేళ. ఫోను గోడకి ఆనించి, ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ ఈ కామెంట్రీ వినేవారు. వాళ్లకి క్రికెట్ తెలియదు. కీపరన్నకి అది తెలుసు. అందుకే ఓవరుకి ఒకసారైనా ఫీల్డరు పేరు, ఊరి పేరు చెప్పేవాడు. "ఆ మూలకు నిలవడ్డది మెట్‌పల్లి నర్సయ్య. కొత్త టోపి పెట్టిండు, మొఖం కనవడకపోతే నన్ను తిట్టకుండ్రి." కింద పూలు, దండాలు, గుండె బొమ్మలు వచ్చిపడేవి.

"స్కోరు ఎవరికి గావాలె సారూ," అన్నాడు ఒకరోజు చాయ్ తాగుతూ. "ఇంటోళ్లకు గావాల్సింది మనిషి నిలవడి ఉన్నడా లేడా అని. అదొక్కటి చెప్తే సాలు." ఆ మాట నాకు అప్పుడు పెద్దగా పట్టలేదు.

మూడేళ్ల కింద సత్తయ్య పడ్డాడు. కీపరన్న గ్యాంగులోనే పనిచేసేవాడు, పక్క ఊరివాడు. రెండో అంతస్తు స్కాఫోల్డింగ్ నుంచి జారాడు. తుంటి ఎముక విరిగింది, కాలికి రాడ్లు వేశారు. అప్పటికి అతని భార్య పద్మకి ఎనిమిదో నెల. అంతకుముందు కడుపు ఏడో నెలలో పోయింది, ఆమె తండ్రి పోయిన వార్త విన్న రోజున. ఆసుపత్రి మంచం మీద సత్తయ్య కీపరన్న చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నాడు. "కాన్పయ్యేదాక ఇంట్ల తెల్వద్దు అన్నా." ఇక్కడ ఇది కొత్తేం కాదు. దెబ్బ తగిలిన సంగతి మానాక చెప్పడం, ఉద్యోగం పోయిన సంగతి వేరేది దొరికాక చెప్పడం గల్ఫులో అందరం చేసేదే. నేను కూడా చేశాను.

ఫోన్‌లో కెమెరా పాడైందని చెప్పి సత్తయ్య ఇంటికి గొంతు మాత్రం వినిపించేవాడు. మరి శుక్రవారం? పద్మ చూస్తుంది కదా. కీపరన్న దానికీ దారి చెప్పాడు. ఇనపచువ్వకి కట్టిన ఫోనులో పిచ్ చుట్టుపక్కలే కనిపిస్తుంది. పైపులైను వైపు మూల కనిపించదు. "సత్తిని ఆడ నిలవెడదం," అన్నాడు. అంతే. ఆ మూలలో ఎవరూ లేరు. పది మందితో ఆడాం. సత్తయ్య మాత్రం ప్రతి ఓవరులో అక్కడ ఉన్నాడు. బంతి ఆపాడు, విసిరాడు, ఒకసారి చెప్పు తెగితే కుట్టించుకోవాలని కూడా అనుకున్నాడు.

"అబద్ధమండీ ఇది. పుస్తకంలో పేరెలా రాస్తాను?" అన్నాను నేను.

"రాయి సారూ. నీ పుస్తకం ఎవరు సదువుతరు?" అన్నాడు. రాశాను.

నాలుగో శుక్రవారం అద్లియా హోటళ్లలో పనిచేసే కేరళవాళ్ల టీంతో ఆట. వాళ్లలో షాజీ అని ఒకడు మంచి బ్యాట్స్‌మన్. ఆఖరి ఓవర్లలో బంతిని ఆకాశానికి లేపాడు. అది తిన్నగా పైపులైను మూలకే వెళ్తోంది. అంతకుముందు ఓవరులోనే ఫోను తెర మీద పద్మ మెసేజ్ పెట్టింది: మా ఆయనకు ఒక్క క్యాచన్న వస్తలేదేంది. కీపరన్న అది చదివి ఉన్నాడు. ఆ పెద్దాయనకి ఏమైందో ఏమో, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "సత్తి కిందికొచ్చిండు... సూస్తుండు... ఎండ కండ్లల్ల వడ్తున్నది... పట్టిండు! సత్తి పట్టిండు!"

బంతి ఎవరూ లేని మట్టిలో పడి, గీత దాటి పైపుల కిందకి దొర్లింది. పక్కా సిక్సు. షాజీ అంపైర్ వైపు చూశాడు. అంపైర్ నా వైపు చూశాడు. కీపరన్న మైకు కట్టేసి, కుంటుకుంటూ పిచ్ మీదకి వెళ్లి, షాజీ భుజం మీద చెయ్యి వేసి హిందీలో ఏదో చెప్పాడు. షాజీ ఒక నిమిషం విన్నాడు. తర్వాత బ్యాటు చంకలో పెట్టుకుని, నిజంగా ఔటైనవాడిలా తల విదిలించుకుంటూ కెమెరా ముందు నుంచే నడిచి వెళ్లిపోయాడు. మూడు పరుగులతో గెలిచాం. పుస్తకంలో షాజీ పేరు పక్కన క్యాచ్ సత్తయ్య అని నా చేత్తో రాశాను. ఆట అయ్యాక షాజీ చాయ్ గ్లాసుతో వచ్చి, కాన్పు ఎప్పుడని అడిగాడు.

ఆ రోజు మేమంతా ఎంత నవ్వామో చెప్పలేను. అంత నవ్వు మళ్లీ ఆ మైదానంలో రాలేదు.

ఐదో శుక్రవారం తర్వాత ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. మూడో రోజున సత్తయ్య కెమెరా ఆన్ చేసి ఉన్నది ఉన్నట్టు చూపించాడు. ఆ వారం ఆట మధ్యలో చాయ్ తాగుతుంటే కీపరన్నకి పద్మ ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టాడు, శుభవార్త అందరం విందామని.

"అన్నా, ఆ క్యాచ్ పట్టిన నాడు నేను వాడకట్టంత చెప్పుకున్న. బీడీల ఖార్ఖాన కాడ గూడ చెప్పిన. మొగడు కాలిరగి మంచంల వడి ఉంటే నేను సప్పట్లు గొట్టిన. నన్ను అంత పిచ్చిదాన్ని జేస్తరా?" అంది. పచ్చి బాలింత గొంతు. "ఇగ నీ నోటెంబడి వచ్చిన మాట నేను నమ్మ. ఎన్నడు నమ్మ."

 మాట లేక కీపరన్న ఆగిపోవడం నేను చూసింది అదొక్కసారే. ఆ క్యాచ్ పుస్తకంలో రాసింది నేనే. నన్ను ఎవరూ తిట్టలేదు, అది వేరే సంగతి.

ఆ మాట ఊళ్లన్నీ పాకింది. మరుసటి శుక్రవారం లైవ్ పెట్టగానే కింద పూలూ లేవు, దండాలూ లేవు. మా ఆయనను దగ్గరికి దెచ్చి చూపియ్యి. మా కొడుకును నడిపిచ్చి చూపియ్యి. టోపి దీయమను. అన్నీ అవే. ఎవరి మూల నిజంగా నిండుగా ఉందో, ఎవరి మూల ఖాళీగా ఉందో అని అందరికీ అనుమానం. తప్పు పట్టలేం.

కీపరన్న చువ్వ నుంచి ఫోను విప్పాడు. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం, ఆట మొదలయ్యే ముందు, ఆ పోయిన మోకాలితో మైదానం చుట్టూ తిరిగి ఒక్కొక్కణ్ని చూపించేవాడు. టోపీ తీయించి, రెండడుగులు నడిపించి, చేతులు పైకెత్తించి. ఇరవై నిమిషాలు పట్టేది. ఆగస్టులో అయితే తిరిగొచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేవి. "కుర్రాళ్లకి ఇవ్వచ్చు కదండీ ఫోను," అంటే, "నేను కక్కింది నేనే కడగాలె సారూ," అనేవాడు. జోకులు వేసేవాడు కానీ తగ్గాయి. ఒక ఓవరుకీ ఇంకో ఓవరుకీ మధ్య ఊరికే కూర్చునేవాడు. రోజూ చేసే డ్యూటీకి ఇది ఇంకో డ్యూటీ అయింది. పద్మ పేరు ఆ తెర మీద మళ్లీ రాలేదు. రెండేళ్లపాటు ప్రతి శుక్రవారం ఆయన చూసింది దాని కోసమేనని నాకు తెలుసు. సత్తయ్య కర్రల మీద ఇంటికి వెళ్లాక అతని పేరుతో అప్పుడప్పుడూ ఒక దండం వచ్చేది. ఆమె నుంచి ఏమీ లేదు.

నిరుడు వేసవిలో మైకు పట్టుకునే కుర్చీలోంచి పక్కకి ఒరిగాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే కిడ్నీలు రెండూ పోయాయన్నారు. సాయంత్రం చూడటానికి వెళ్లి, అన్నీ చూసిన నేనే, బుద్ధి లేకుండా అన్నాను: "ఇంట్లో ఇప్పుడే చెప్పొద్దు లెండి. కాస్త తేరుకున్నాక చెప్దాం."

నా వైపు అలసటగా చూశాడు. కోపం లేదు. "ఫోను తియ్యి సారూ. మొఖం చూపియ్యి. పైపులు గూడ చూపియ్యి."

కెమెరా ఆయన మీదకి తిప్పాను. అవతల రాజవ్వ కనిపించగానే గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు. "రాజవ్వా, ఓపెనర్లు ఇద్దరు ఒక్కపాలే ఔటయిండ్రు. ఇగ డయాలసిస్ అని నైట్ వాచ్‌మన్ను దింపిండ్రు. ఎంతసేపు ఆడతడో సూడాలె."

రాజవ్వ చాలాసేపు చూసింది. పైపులు, చెయ్యి, మొఖం. "ఔటైతే ఇంటికి రా మరి," అంది. ఆయన నవ్వాడు. నేను గోడ వైపు తిరిగాను.

ఆయన ఇంటికి వెళ్లిపోయాక మైకు నాకు అప్పగించారు. నేను మాట్లాడలేను. ఫోను పట్టుకుని తిరిగి మొఖాలు చూపిస్తాను, స్కోరు బోర్డు చూపిస్తాను, అంతే. ఆయన వారానికి మూడుసార్లు కరీంనగర్ వెళ్లి డయాలసిస్ చేయించుకుంటూ కూడా శుక్రవారం లైవ్ చూసేవాడు. కింద మెసేజ్ పెట్టేవాడు: సారూ, మీ టీవీల సౌండ్ పోయినట్టున్నది, మెకానిక్‌ను పిలువుండ్రి. ఇంకోసారి: ఒక్క పేరన్న చెప్పు సారూ, నోరు అరగది. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. ఒక్క పేరు చెప్తే ఏం పోయేదో ఇప్పుడు ఆలోచిస్తే తెలియడం లేదు.

ఇవాళ మైదానానికి ఆలస్యంగా చేరాను. అందరూ చాప పరిచి నిలబడి ఉన్నారు. చెప్పాను. కొందరు అక్కడే మట్టిలో కూర్చుండిపోయారు. నర్సయ్య నా చెయ్యి పట్టుకుని, "సారూ, మైకుల ఇప్పుడు వద్దు. ఆట కానీ. ఆడోళ్లు చాటలు ముందటేసుకుని కూసున్నరు, పొద్దుపొద్దున ఎందుకు? మెల్లగ తెలుస్తది," అన్నాడు. ఇంకొందరు అవునన్నారు. వాళ్ల మంచితనం నాకు తెలుసు. నాకూ అలాగే అనిపించింది. ఒక్క వారం, ఆయనకి ఒంట్లో బాగా లేదని చెప్తే సరిపోతుంది. ఎవరూ ఏమీ అనుకోరు.

"వద్దు నర్సయ్యా. రాజవ్వ చెప్పమంది," అన్నాను.

లైవ్ పెట్టాం. మొఖాలు చూపించడానికి తిరగలేదు. అందర్నీ టార్పాలిన్ దగ్గరికి పిలిచి, ఒకే చోట నిలబెట్టి, మైకు పట్టుకున్నాను.  నా గొంతు స్పీకర్‌లో ఎవరిదో లాగా వినిపించింది. ఒక్కొక్కరి పేరు, ఊరు చెప్పాను. పదకొండు మంది. రెండు పేర్లు తప్పు చెప్పి దిద్దుకున్నాను. ఆ తర్వాత, "మన కీపరన్న ఇవాళ తెల్లవారుజామున పోయారు. ఇంట్లోనే, రాజవ్వ దగ్గరే. ఇది నిజం. నేను రాసింది ఒకప్పుడు అబద్ధమైంది, ఇది మాత్రం కాదు," అన్నాను. మైకు టేబులు మీద పెట్టేశాను.

  తెర మీద ఒక్కటొక్కటిగా దండాలు మొదలయ్యాయి. నర్సయ్య భార్యది, ఇంకెవరి తల్లిదో. వాటి మధ్యలో మూడేళ్లుగా కనిపించని పేరు వచ్చింది. పద్మ. నేను కళ్లద్దాలు పైకి లాక్కుని దగ్గరగా చదివాను.

సారూ, గిది గూడ అబద్ధమే అని చెప్పుండ్రి. ఈసారి నమ్ముత.